గోడను కిటికీగా మార్చడం: తల కదలికను కెమెరాతో పట్టుకుని, లోపల ఊరి ఇల్లు కట్టే పూర్తి పద్ధతి

చాలామంది అడుగుతున్నది ఒకటే. ప్రొజెక్టర్ ఉంది, మంచి కంప్యూటర్ ఉంది, బ్లెండర్‌లో (త్రీడీ బొమ్మలు కట్టే సాఫ్ట్‌వేర్) ఇల్లు కూడా కట్టేశాం, కానీ గోడ ముందు నడుస్తుంటే అది సినిమా తెరలాగే ఉంటోంది. మనం పక్కకి జరిగితే కిటికీలోంచి చూసినట్టు లోపలి స్తంభం వెనక ఉన్నది బయటపడాలి, అదెలా?

హెడ్‌సెట్ లేకుండా, రెండు కెమెరాలు, టోపీకి ఒక చిన్న దీపంతో చేసే పద్ధతి ఇది. నేను మొదట్లో దాదాపు రెండు వారాలు టెక్స్చర్ల (వస్తువుల పైన అతికించే ఉపరితలం బొమ్మలు) మీదే కూర్చున్నాను, ఫలితం అంతంతమాత్రం. గదిని టేపుతో సరిగ్గా కొలిచిన రోజు, బూడిదరంగు పెట్టెలు మాత్రమే ఉన్న దృశ్యం కూడా నిజమైన గదిలా అనిపించింది. అందుకే ఇందులో కొలతల గురించే ఎక్కువ ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

## 1. కావలసినవి

- 16:9 ప్రొజెక్టర్. షార్ట్ త్రో (గోడకి దగ్గర నుంచే పెద్ద బొమ్మ వేసేది) అయితే మేలు. మామూలుది అయితే గోడకి దగ్గరగా వెళ్లగానే మన నీడ పడుతుంది.
- ఒకే మోడల్ కెమెరాలు 2. బ్లాక్ అండ్ వైట్, గ్లోబల్ షట్టర్ (ఫ్రేమ్ మొత్తాన్ని ఒకేసారి తీసేది), కనీసం 640×480 సైజులో సెకనుకి 60 ఫ్రేములు. ఆటోఫోకస్ ఉన్న వెబ్‌క్యామ్ వద్దు.
- 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్‌ని మాత్రమే రానిచ్చే ఫిల్టర్లు 2, లెన్స్ ముందు పెట్టడానికి. కెమెరా లోపల ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే గాజు ఉంటే అది తీసేసి ఉండాలి. కొనేటప్పుడే అడగండి.
- 850 నానోమీటర్ల 5 మి.మీ. ఎల్‌ఈడీలు నాలుగైదు. పాడైనవి పోగా ఒకటి మిగలాలి.
- టేబుల్ టెన్నిస్ బంతి, టోపీ, రెసిస్టర్, బ్యాటరీ.
- 5 మీటర్ల టేపు, రసమట్టం, దారానికి కట్టిన గుండు, 1.5 మీటర్ల పీవీసీ పైపు.
- ఓపెన్‌సీవీతో (కెమెరా బొమ్మల లెక్కలు చేసే లైబ్రరీ) పైథాన్, బ్లెండర్, యూనిటీ (గేమ్ ఇంజిన్). గోడో (Godot) అనే ఇంకో గేమ్ ఇంజిన్‌లో కూడా ఇదే పని అవుతుంది. నేను యూనిటీ లెక్కలో చెబుతాను.

హైదరాబాద్‌లో ఉంటే ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఫిల్టర్లు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే సులువు.

## 2. గదిని సిద్ధం చేయడం

బొమ్మ పడే గోడ 3.2 మీ. వెడల్పు, 1.8 మీ. ఎత్తు అనుకుందాం. కింది అంచు స్కర్టింగ్ పైనే, నేలకి 10 సెం.మీ. ఎత్తులో ఉండేలా చూడండి. బొమ్మ నేలకి దగ్గరగా దిగితేనే మన గది నేల లోపలికి సాగినట్టు అనిపిస్తుంది, పైగా చివర్లో చేసే పరీక్షకి ఇదే ఆధారం.

ప్రొజెక్టర్‌లో కీస్టోన్ (వంకరని బొమ్మలోనే సరిచేసే సెట్టింగు) ఆపేసి, యంత్రాన్నే జరిపి బొమ్మను సరైన దీర్ఘచతురస్రంగా తెచ్చుకోండి. నాలుగు అంచులతో పాటు రెండు కర్ణాలు కూడా కొలవండి. కర్ణాలు సమానంగా రాకపోతే బొమ్మ వంకరగా ఉన్నట్టే. గేమ్ మోడ్ ఉంటే ఇప్పుడే ఆన్ చేసేయండి, ఆలస్యం తగ్గుతుంది.

కెమెరాలు బొమ్మ పై మూలలకి కాస్త పైన, నేలకి సుమారు 2.4 మీ. ఎత్తులో, మనిషి తిరిగే చోటుని చూస్తూ ఉండాలి. గోడకే బిగించండి. స్టాండ్ మీద పెడితే ఎవరో ఒకరు తగులుతారు, ఆ తర్వాత కొలతలన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

ఇప్పుడు ఫిల్టర్ పెట్టి, గదిలో ఎవరూ లేకుండా కెమెరా బొమ్మ చూడండి. మనకి మామూలుగా కనిపించే గది అందులో వేరుగా ఉంటుంది. కిటికీ పరదా సందులోంచి వచ్చే ఎండ తెల్లటి గీతలా వెలుగుతుంది. పాత ఫిలమెంట్ బల్బు ఉంటే అది సూర్యుడే. ఎల్‌ఈడీ బల్బులు దాదాపు కనిపించవు. ఎదురుగా ఉన్న ప్రొజెక్టర్ లెన్స్ కూడా ఒక చుక్కలా పడవచ్చు.

చెక్‌లిస్ట్:
- ఎండ పూర్తిగా ఆగిందా? పగలు మూడు వేర్వేరు సమయాల్లో చూడండి.
- ఫిలమెంట్ బల్బులు తీసేశారా?
- స్టీలు సామాను, అద్దాలు, గాజు తలుపుల బీరువా కప్పారా?
- ఇంకా మిగిలిన చుక్కల్ని సాఫ్ట్‌వేర్‌లో నల్లటి మాస్క్ వేసి తీసేశారా?

## 3. టోపీ దీపం

5 మి.మీ. ఎల్‌ఈడీ వెలుగు ముందుకే పోతుంది. తల కాస్త తిప్పితే కెమెరాకి కనపడదు. అందుకే టేబుల్ టెన్నిస్ బంతికి కింద చిన్న రంధ్రం చేసి, ఎల్‌ఈడీ తలని గరుకు కాగితంతో మసకబారేదాకా రుద్ది, బంతి మధ్యదాకా దూర్చి అంటించండి. బంతి మొత్తం ఒకేలా వెలుగుతుంది. మన కంటికి అది ఎప్పటిలా తెల్లటి బంతే, మహా అయితే లోపల ఎర్రటి నలుసులాంటి మెరుపు. కెమెరాలో మాత్రం పున్నమి చంద్రుడిలా గుండ్రంగా వస్తుంది.

3.7 వోల్టుల లిథియం సెల్ అయితే 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి, సుమారు 18 మిల్లీఆంపియర్లు వస్తుంది. ఇంకా వెలుగు కావాలని కరెంటు పెంచకండి. ఇన్‌ఫ్రారెడ్ ఎంత బలంగా ఉన్నా కంటికి తెలియదు, రెప్ప వాలదు. వెలుగు చాలకపోతే కెమెరా గెయిన్ (అందిన వెలుగుని పెంచి చూపే సెట్టింగు) పెంచుకోండి.

పవర్ బ్యాంక్ వాడదామనుకునే వాళ్లకి ఒక హెచ్చరిక: ఇంత తక్కువ కరెంటు లాగితే చాలా పవర్ బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని కాసేపటికి ఆగిపోతాయి. ట్రాకింగ్ చెడిపోయిందని కోడ్ అంతా వెతుక్కుంటూ కూర్చుంటారు.

ఒక్క బంతి సరిపోతుందా అని అడిగారు. సరిపోతుంది. కిటికీలోంచి కనపడే దృశ్యం మన కన్ను ఎక్కడుందనే దాన్ని బట్టి మారుతుంది. తల ఎటు తిరిగిందన్నది లెక్కలోకి రాదు. త్రీడీ కళ్లద్దాలతో రెండు కళ్లకి రెండు బొమ్మలు ఇవ్వాలంటేనే తల దిశ కావాలి, అప్పుడు కనీసం మూడు బంతులు, ఒకే వరుసలో లేకుండా పెట్టాలి.

## 4. కెమెరా సెట్టింగులు

ఆటో అన్న పదం ఎక్కడ కనిపించినా ఆపేయండి. ఆటో ఎక్స్‌పోజర్, ఆటో గెయిన్, అన్నీ. ఎక్స్‌పోజర్ 2 లేదా 3 మిల్లీసెకన్లు ఉంచండి. మనిషి సెకనుకి 1 మీ. వేగంతో నడిస్తే 3 మిల్లీసెకన్లలో 3 మి.మీ. కదులుతాడు, 40 మి.మీ. బంతికి ఆ మసక లెక్కలోకి రాదు.

70 డిగ్రీల లెన్స్ 3 మీ. దూరంలో సుమారు 4.2 మీ. వెడల్పు చూస్తుంది. 640 పిక్సెళ్లకి పంచితే ఒక్కో పిక్సెల్ 6.6 మి.మీ., అంటే మన బంతి ఆరు పిక్సెళ్ల చుక్క. దాని కేంద్రాన్ని పిక్సెల్‌లో చిన్న భాగం దాకా కనుక్కోవచ్చు. అదే చిన్న బంతి వాడితే రెండు పిక్సెళ్లే వస్తాయి, కేంద్రం ఎగిరెగిరి పడుతుంది.

రెండు కెమెరాలనీ ఒకే యూఎస్‌బీ హబ్‌కి పెట్టకండి. ఒక్కో కెమెరా కంప్రెషన్ లేకుండా పంపే డేటా సెకనుకి సుమారు 147 మెగాబిట్లు, కొన్ని కెమెరాలు దానికి రెట్టింపు పంపుతాయి. హబ్ మీద ఫ్రేములు ఎగిరిపోతాయి.

## 5. లెన్స్ కాలిబ్రేషన్

కాలిబ్రేషన్ అంటే లెన్స్ ఫోకల్ లెంగ్త్, వంపు ఎంతో కొలిచి పెట్టుకోవడం. ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. ఫోకస్ సరిచేసి, రింగుకి స్క్రూ బిగించి, ఫిల్టర్ కూడా పెట్టేశాకే మొదలుపెట్టండి. తర్వాత ఫిల్టర్ పెడితే ఫోకస్ కొంచెం జరుగుతుంది, చేసిన పని వృథా.

1. లోపలి మూలలు 9×6 వచ్చే చదరంగం పలకని, 30 మి.మీ. గడులతో లేజర్ ప్రింట్ తీయించండి. ఇంక్‌జెట్ వద్దు. చాలా ఇంక్‌జెట్ నలుపు సిరాలు ఇన్‌ఫ్రారెడ్‌లో తెల్లగా కనిపిస్తాయి, కెమెరాకి ఖాళీ కాగితమే కనపడుతుంది. లేజర్ టోనర్‌లో కార్బన్ ఉంటుంది కాబట్టి నల్లగానే ఉంటుంది.
2. ప్రింట్ తీసేటప్పుడు ఫిట్ టు పేజ్ ఆపమని చెప్పండి. ఇంటికొచ్చాక స్కేలుతో పది గడులు కలిపి కొలవండి. నాకు 300 మి.మీ. రావాల్సింది 291 వచ్చింది, అది చూసుకోకుండా ఒక రోజంతా పోగొట్టుకున్నాను. తేడా వస్తే మళ్లీ ప్రింట్ అక్కర్లేదు, కొలిచిన అంకెనే కోడ్‌లో వేయండి.
3. గాజు పలకకో మందపాటి ప్లైవుడ్‌కో బుడగలు లేకుండా అంటించండి. అట్ట వంగుతుంది.
4. వెలుగు కోసం ఈ ఒక్క పనికి ఫిలమెంట్ బల్బు వెలిగించండి, లేదా పరదా తీసి పగటి వెలుతురు రానివ్వండి. ఎక్స్‌పోజర్ కూడా ఇప్పటికి పెంచుకోవచ్చు.
5. 25 ఫోటోల దాకా తీయండి. పలక బొమ్మ నాలుగు మూలలకీ వెళ్లాలి, ఇటూ అటూ వంచాలి. అన్నీ ఎదురుగా, నిటారుగా తీస్తే ఫోకల్ లెంగ్త్ తప్పు వస్తుంది.
6. ఓపెన్‌సీవీ చెప్పే రీప్రొజెక్షన్ తప్పు (లెక్క ప్రకారం మూల పడాల్సిన చోటుకీ ఫోటోలో ఉన్న చోటుకీ తేడా) 0.5 పిక్సెల్ లోపు ఉండాలి. ఎక్కువ వస్తే ఒక్కో ఫోటో తప్పు విడిగా చూసి, కదిలిపోయిన వాటిని తీసేయండి.

అంకె తక్కువ వచ్చిందని సంబరపడిపోకండి. పలక మధ్యలోనే ఉన్న ఐదు ఫోటోలతో కూడా తక్కువ తప్పు వస్తుంది, కానీ మూలల్లో లెన్స్ వంపు గురించి ఆ లెక్కకి ఏమీ తెలియదు.

## 6. గదికి ఒక సున్నా

గోడ మీద బొమ్మ మధ్యకి సరిగ్గా కింద, నేల తగిలే చోటు మన సున్నా. గోడకి ఎదురుగా నిలబడితే కుడివైపు ఎక్స్, పైకి వై, గోడ నుంచి మన వైపుకి జెడ్.

నేల మీద 9 గుర్తులు పెట్టండి: గోడకి 1, 2, 3 మీ. దూరంలో మూడు వరుసలు, ఒక్కో వరుసలో మధ్యన ఒకటి, అటూ ఇటూ 1 మీ. దూరంలో ఒక్కోటి. గోడకి లంబం తీయడానికి మేస్త్రీలు చేసేదే చేయండి: గోడ వెంట 3 అడుగులు, బయటకి 4 అడుగులు, వాటి మధ్య ఏటవాలు సరిగ్గా 5 అడుగులు వచ్చిందా లేదా.

ఒక్కో గుర్తు మీద బంతి పెట్టి రెండు కెమెరాల్లో చుక్క ఎక్కడుందో రాసుకోండి. తర్వాత అదే బంతిని పైపు కొసకి బిగించి, రసమట్టంతో పైపుని నిటారుగా పట్టుకుని, అవే 9 చోట్ల మళ్లీ తీయండి. మొత్తం 18 పాయింట్లు. నేల మీదవి మాత్రమే తీసి వదిలేస్తే, మనిషి తల ఉండే ఎత్తులో తప్పు పెరుగుతుంది.

బంతి నేల మీద ఉన్నప్పుడు దాని కేంద్రం సున్నా ఎత్తులో ఉండదు, 2 సెం.మీ. పైన ఉంటుంది. పైపు మీద కూడా పైపు కొస నుంచి కేంద్రం దాకా కొలిచి కలపండి.

ఈ పాయింట్లని ఓపెన్‌సీవీలోని సాల్వ్ పీఎన్‌పీ (solvePnP) అనే ఫంక్షన్‌కి ఇస్తే ఒక్కో కెమెరా గదిలో ఎక్కడుందో, ఎటు చూస్తోందో చెబుతుంది. వచ్చిన స్థానాన్ని టేపుతో సరిచూడండి. కెమెరా 2.4 మీ. ఎత్తులో ఉంటే లెక్క 2.9 చెప్పకూడదు కదా. ఇక్కడ యూనిటీ అక్షాలు (అందులో జెడ్ గోడ లోపలి వైపుకి) పొరపాటున వాడితే గది అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది, లెక్క ఎప్పటికీ కుదరదు. జెడ్ గుర్తు మార్చడం చివర్లో, యూనిటీలోకి పంపేటప్పుడే.

## 7. ట్రాకింగ్ కోడ్ వరుస

1. ఫ్రేమ్ రాగానే, ఇంకేమీ చేయకముందే, టైమ్ రాసుకోండి.
2. మాస్క్ వేసి, వెలుగు హద్దు దాటిన చుక్కల్లో గుండ్రంగా, తగిన సైజులో ఉన్నదాన్ని తీసుకోండి.
3. వెలుగు బరువుతో కేంద్రం లెక్కకట్టండి.
4. లెన్స్ వంపు తీసేయండి. దీన్ని మరిచిపోతే గది మధ్యలో అంతా బాగుండి అంచుల్లో తేడా కొడుతుంది.
5. రెండు కెమెరాల కేంద్రాల నుంచి స్థానం కనుక్కోండి.
6. వణుకు తీసే ఫిల్టర్ (కింద చెప్పాను) వేసి యూడీపీ (నెట్‌వర్క్ మీద డేటా త్వరగా పంపే పద్ధతి) ద్వారా యూనిటీకి పంపండి.

రెండు కెమెరాలు ఒకే క్షణంలో ఫోటో తీయకపోతే తేడా 16 మిల్లీసెకన్ల దాకా ఉండొచ్చు, సెకనుకి మీటరు నడకలో అది 1.6 సెం.మీ. నిలబడితే బాగుండి నడిస్తే ఊగుతోందంటే కారణం ఇదే కావచ్చు. ట్రిగ్గర్ వైరు పెట్టే వీలుంటే పెట్టండి. లేకపోతే ఒక కెమెరా పాత, కొత్త చుక్కల మధ్య లెక్కవేసి రెండో కెమెరా సమయానికి సరిపెట్టండి.

వణుకు తగ్గించడానికి 2012లో వచ్చిన వన్ యూరో ఫిల్టర్ వాడండి. అందులో రెండు అంకెలు సరిచేయాలి: మిన్ కటాఫ్, బీటా. ముందు బీటా సున్నా పెట్టి, కదలకుండా నిలబడి, వణుకు పోయేదాకా మిన్ కటాఫ్ తగ్గించండి. తర్వాత గబగబా పక్కలకి ఊగుతూ, బొమ్మ వెనకబడటం తగ్గేదాకా బీటా పెంచండి. ఈ వరుస తిప్పకండి. మామూలు సగటు తీసే ఫిల్టర్ వాడితే బొమ్మ నిలకడగా ఉంటుంది కానీ నూనెలో ఈదుతున్నట్టు ఆలస్యంగా కదులుతుంది, చూసేవాళ్లకి తల తిరుగుతుంది.

బంతికి చెయ్యి అడ్డం వస్తే సున్నాకి దూకనివ్వకండి. చివరి స్థానంలోనే ఆపి, మళ్లీ కనపడ్డాక మెల్లగా కలపండి.

చివరిగా, బంతి కన్ను కాదు. టోపీ మీది బంతి నుంచి కనుబొమల మధ్యకి ఎంత కిందకో కొలిచి తీసేయండి.

## 8. వంకర ఫ్రస్టమ్: అసలు కిటుకు

తల జరిగినప్పుడు యూనిటీ కెమెరాని జరిపి, తెర మధ్యకి తిప్పుతారు చాలామంది. అలా తిప్పకూడదు. కెమెరా ఎప్పుడూ గోడకి లంబంగానే చూడాలి. మారాల్సింది ఫ్రస్టమ్ (కంటి నుంచి తెర నాలుగు అంచుల మీదుగా లోపలికి సాగే చూపు పరిధి) అంచులు.

మీ కన్ను గోడకి 2 మీ. దూరంలో, మధ్య నుంచి 0.5 మీ. కుడికి, 1.55 మీ. ఎత్తులో ఉందనుకోండి. నియర్ (కెమెరా గీయడం మొదలుపెట్టే దూరం) 0.1 మీ. అయితే గుణించే అంకె 0.1 ÷ 2 = 0.05.

- ఎడమ: (−1.6 − 0.5) × 0.05 = −0.105
- కుడి: (1.6 − 0.5) × 0.05 = 0.055
- కింద: (0.1 − 1.55) × 0.05 = −0.0725
- పైన: (1.9 − 1.55) × 0.05 = 0.0175

ఈ నాలుగూ యూనిటీలో ఫ్రస్టమ్ మ్యాట్రిక్స్‌కి ఇచ్చి, కెమెరాని ఎక్స్ 0.5, వై 1.55, జెడ్ −2 దగ్గర, రొటేషన్ సున్నాతో పెట్టండి. ప్రతి ఫ్రేముకీ ఇదే. ట్రాకింగ్ కలపకముందు ఈ అంకెల్ని చేత్తో వేసి, అదే చోట నిలబడి చూడండి. ఒక కన్ను మూసి చూస్తే తేడా బాగా తెలుస్తుంది.

సరిగ్గా వచ్చిందో లేదో టేపుతోనే తేల్చుకోవచ్చు. గోడకి 2 మీ. దూరంలో ఉంటూ 1 మీ. పక్కకి జరిగితే, గోడ వెనక 0.4 మీ. లోతులో ఉన్న స్తంభం బొమ్మ గోడ మీద సుమారు 17 సెం.మీ. జరగాలి. 2.5 మీ. లోతులోది 56 సెం.మీ., 5 మీ. లోతులోది 71 సెం.మీ. అంచనా కోసం: జరిగిన దూరం × లోతు ÷ (లోతు + మీ దూరం). ఇది కుదరకపోతే టెక్స్చర్ల జోలికి వెళ్లకండి.

## 9. దృశ్యం కట్టడం

నేను కట్టింది మండువా లోగిలి. ఈ పద్ధతికి అంతకన్నా బాగా అతికే ఇల్లు నాకు తోచలేదు: దగ్గరగా స్తంభాలు, మధ్యలో ఆకాశం కనపడే ఖాళీ, అందులో తులసికోట, అవతల వసారా, దాని వెనక పెరటి గుమ్మం. ఒక దాని వెనక ఒకటి ఉండటంతో నాలుగు అడుగులు వేస్తే చాలు, స్తంభం చాటున ఉన్న తులసికోట బయటికొస్తుంది.

- బ్లెండర్‌లో యూనిట్లు మీటర్లు. ఎగుమతికి ముందు స్కేల్ అప్లై చేయండి, లేకపోతే యూనిటీలో ఇల్లు అగ్గిపెట్టెంత అవుతుంది, లేదా ఊరంత.
- వస్తువులన్నీ గోడ వెనకే ఉంచండి. గోడ ముందుకి పొడుచుకొచ్చినది తెర అంచు దగ్గర తెగిపోతే నమ్మకం పోతుంది.
- గుమ్మం ఎత్తు, అరుగు ఎత్తు, మెట్టు ఎత్తు, స్తంభం చుట్టుకొలత నిజమైన ఇంట్లో కొలవండి. ఊహించి పెట్టిన గుమ్మం ఎక్కడో తేడా ఉన్నట్టు అనిపిస్తుంది, ఎందుకో చెప్పలేం.
- 3.2 మీ.కి 1920 పిక్సెళ్లంటే మీటరుకి 600. దగ్గరి స్తంభానికి అంతకన్నా కొంచెం ఎక్కువ టెక్స్చర్ చాలు, దూరపు గోడకి ఇంకా తక్కువ.
- సున్నం గోడని పూర్తి తెలుపు చేయకండి. పూర్తి తెలుపు 1 అనుకుంటే, 0.8 దాటితే వెలుగు నీడలు చచ్చిపోతాయి.
- నీడలు బేక్ చేసేయండి, అంటే ముందే లెక్కకట్టి బొమ్మలోనే కలిపేయండి. సూర్యుడు కదలక్కర్లేదు.

టెక్స్చర్ ఫోటోలు మబ్బు పట్టిన రోజు తీయండి, ఎండ నీడ ఫోటోలోనే అంటుకుపోకుండా. ఆ తర్వాత కాస్త సమయం పెట్టాల్సినవి చిన్నవి: స్తంభం అడుగున చేతులు తగిలి నునుపెక్కిన చోటు, చూరు నీళ్లు పడి నాచు పట్టిన రాయి, గడప మీద మధ్యలో అరిగిన పసుపు. నేను గడప అంచుని పదునుగా వదిలేసినప్పుడు అది ప్లాస్టిక్‌లా ఉండేది, 4 మి.మీ. గుండ్రం చేశాక వెలుగు అంచు వెంట సన్నగా పాకి, చెక్క అయింది.

## 10. నేల పలకల పరీక్ష

గది నేల మీద రెండడుగుల పలకలు ఉంటే ఇది చేసి తీరండి. నాలుగు పలకలు కలిపి కొలిచి నాలుగుతో భాగించండి, సందులు కూడా లెక్కలోకొస్తాయి. అదే కొలతతో, అదే సందుల వరుసలో యూనిటీలో గళ్ల నేల వేయండి. గది నేల గీత స్కర్టింగ్ దాటి గోడలోకి తిన్నగా సాగాలి, మీరు ఎక్కడికి నడిచినా విరగకూడదు.

- నిలబడ్డ చోటుని బట్టి గీత విరిగితే: ఫ్రస్టమ్ లేదా గది సున్నా తప్పు.
- నడిచేటప్పుడు మాత్రమే విరిగి, ఆగగానే కలిస్తే: ఆలస్యం.
- ఒక మూలలో మాత్రమే విరిగితే: లెన్స్ కాలిబ్రేషన్.
- అన్నిచోట్లా ఒకే వైపు కొంచెం తప్పితే: కంటికీ బంతికీ మధ్య తీసిన కొలత.
- బంతి ఒక్కసారిగా కిందికి దూకితే: నునుపు పలకల్లో దాని ప్రతిబింబం. అక్కడ చాప పరవండి, లేదా రెండు చుక్కల్లో పైదాన్నే తీసుకోమని కోడ్‌లో చెప్పండి.

ఆలస్యాన్ని కొలవడానికి ఫోన్ స్లో మోషన్ చాలు. 240 ఫ్రేములతో తలా గోడా రెండూ కనపడేలా తీసి, తల కదిలినప్పటి నుంచి బొమ్మ కదిలేదాకా ఫ్రేములు లెక్కపెట్టండి. ఒక్కోటి 4.2 మిల్లీసెకన్లు. 20 ఫ్రేములు వస్తే 83 మిల్లీసెకన్లు, అంటే మామూలు నడకలో బొమ్మ 8 సెం.మీ. వెనక ఉన్న కన్ను కోసం గీస్తోంది. ముందు ప్రొజెక్టర్ గేమ్ మోడ్ చూడండి, తర్వాత యూనిటీలో క్యూ అయ్యే ఫ్రేములు తగ్గించండి. వేగాన్ని బట్టి ముందుకి ఊహించడం చివరి మార్గం, అదీ 30, 40 మిల్లీసెకన్లు మించకుండా. అంతకు మించితే ఆగినప్పుడు బొమ్మ ముందుకి తూలి వెనక్కి వస్తుంది.

## 11. ఎవరికైనా చూపించే ముందు

- నేల మీది ఒక గుర్తు మీద బంతి పెట్టి చదవండి. 5 మి.మీ. కన్నా ఎక్కువ తేడా ఉంటే కెమెరా కదిలింది, ఆరో భాగం (గదికి ఒక సున్నా) మళ్లీ చేయండి.
- టోపీ బ్యాటరీ మార్చండి.
- పరదాలు మూయండి, ఫిలమెంట్ దీపాలు ఆపండి.
- పిల్లలు వస్తే వాళ్ల తలకి టోపీ సరిగ్గా కుదిరేలా బిగించండి. టోపీ వెనక్కి జారితే కంటి లెక్క తప్పుతుంది.
- టోపీ ఒకరికే అని ముందే చెప్పండి. పక్కన నిలబడ్డవాళ్లకి స్తంభాలు ఒరిగినట్టు కనిపిస్తాయి. అది లోపం కాదు, ఆ బొమ్మ గీసింది వాళ్ల కంటి కోసం కాదు. వంతులవారీగా టోపీ మార్చుకుంటూ, మిగతావాళ్లని టోపీ పెట్టుకున్న మనిషి వెనకే నిలబెట్టండి.